పాఠ్యమూ ఆజ్ఞా: క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ దాడుల నుంచి వెబ్ అనువర్తనాల రక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వెబ్ పుటలో చదవవలసిన పాఠ్యమూ, అమలు కావలసిన ఆజ్ఞా ఒకే అక్షరప్రవాహంలో కలిసి వస్తాయి. ఆ రెండింటి మధ్య గీత చెరిగినచోట పుట్టే దాడికి 2000లో క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అనే పేరు స్థిరపడింది. ప్రమాదకరమైన పదాలను వెతికి తొలగించే తొలినాటి పద్ధతి ఎందుకు విఫలమైందో, రక్షణభారం వాడుకరి నుంచి ప్రోగ్రామరుకూ, ప్రోగ్రామరు నుంచి అతడు వాడే పనిముట్లకూ ఏ క్రమంలో మారిందో 1995 నుంచి 2024 వరకు జరిగిన ఘటనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జావాస్క్రిప్ట్, బ్రౌజర్, కుకీ, క్రాస్ సైట్ స్క్రిప్టింగ్, వడపోత, ఎస్కేపింగ్, కంటెంట్ సెక్యూరిటీ పాలసీ

ఉపోద్ఘాతం

2000 ప్రాంతంలో తెలుగు పత్రికలను అంతర్జాలంలో చదివినవారికి ఒక అనుభవం గుర్తుండే ఉంటుంది. ఆనాటి జాలస్థలాలు చాలావరకు యూనికోడ్‌ను కాక సొంత ఫాంట్లను వాడేవి. ఆ ఫాంటు కంప్యూటర్‌లో ఉంటే వార్త కనిపించేది. లేకపోతే అర్థంలేని లాటిన్ అక్షరాలు, విరామచిహ్నాలు బారులుతీరి కనిపించేవి. సర్వర్ పంపిన సంకేతాలు రెండు సందర్భాలలోనూ అవే. వాటిని చదివే యంత్రం ఏ కళ్లతో చదివిందన్నదాన్ని బట్టి అవి తెలుగు వాక్యాలయ్యాయి, లేదా పిచ్చిగీతలయ్యాయి. సంకేతానికి స్వతహాగా అర్థం లేదు, చదివే సందర్భమే దానికి అర్థాన్నిస్తుంది.

వెబ్ అనువర్తనాల భద్రతలో పాతికేళ్లకు పైగా తలనొప్పిగా మిగిలిన క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ సమస్యకు మూలం కూడా ఇదే. ఒక వ్యక్తి తన పేరుగానో అభిప్రాయంగానో రాసి పంపిన అక్షరాలను మరొకరి బ్రౌజర్ పాఠ్యంగా చూపవలసి ఉండగా ఆజ్ఞగా చదివి అమలు చేస్తుంది. చొరబాటుదారు తాళం పగలగొట్టడు, సంకేతపదాన్ని ఊహించడు. వ్యాఖ్య రాయడానికి ఇచ్చిన గడిలో వ్యాఖ్యకు బదులు ప్రోగ్రామును రాస్తాడు, అంతే. ఇంత సాదాసీదా లోపం ఇంతకాలం ఎందుకు నిలిచిందన్న ప్రశ్నకు సమాధానం సాంకేతికతలో కంటే, దాన్ని ఎదుర్కొనే బాధ్యతను ఎప్పుడు ఎవరి మీద మోపారన్న చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

జావాస్క్రిప్ట్ రాక

టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో వెబ్‌ను రూపొందించిన తొలినాళ్లలో పుట అంటే పత్రమే. హెచ్‌టీఎంఎల్‌లో కోణాకారపు గుర్తుల మధ్య రాసిన ట్యాగులు ఇది శీర్షిక, ఇది లంకె అని చెప్పేవి. బయటివారెవరైనా ఆ గుర్తులను చొప్పించినా మహా అయితే అక్షరాలు లావయ్యేవి, పుట రూపం చెడేది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి కుకీని ప్రవేశపెట్టడంతో, వచ్చిన వాడుకరిని గుర్తుపెట్టుకొనే శక్తి వెబ్‌కు కలిగింది. మరుసటి సంవత్సరం మే నెలలో అదే సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక భాషకు తొలిరూపం ఇచ్చాడు. మొదట లైవ్‌స్క్రిప్ట్‌గా విడుదలై, 1995 డిసెంబరులో జావాస్క్రిప్ట్‌గా ప్రకటితమైన ఆ భాషతో పత్రం కాస్తా ప్రోగ్రామయింది.

ఈ రెండింటి కలయికలోనే చిక్కు ఉంది. కుకీ వాడుకరికి గుర్తింపుచీటీ. స్క్రిప్టు ఆ చీటీని చదవగలదు. ఒక సైటులోని స్క్రిప్టు మరో సైటు సమాచారాన్ని తాకకూడదని నెట్‌స్కేప్ నావిగేటర్ రెండవ సంచిక కాలంలోనే నిబంధన పెట్టారు. సేమ్ ఆరిజిన్ పాలసీగా పిలిచే ఈ ఏకమూల నియమం నేటికీ బ్రౌజర్ భద్రతకు పునాది. పుట ఏ చిరునామా నుంచి వచ్చిందో చూసి, ఆ చిరునామాకు చెందిన సమాచారం వరకే స్క్రిప్టుకు అనుమతి ఇవ్వడం దాని సారాంశం.

అయితే ఈ నియమం ఇంటి సరిహద్దును కాపాడుతుందే తప్ప, ఇంట్లో ఉన్నవారు నిజంగా ఇంటివారేనా అని అడగదు. బ్యాంకు సైటు పంపిన పుటలో బయటివాడి స్క్రిప్టు కలిసి వస్తే, బ్రౌజర్ దృష్టిలో అది బ్యాంకు స్క్రిప్టే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. నియమం ఉల్లంఘితం కాలేదు కనుక బ్రౌజర్‌కు తప్పు కనిపించదు. సర్వర్ తన పనే తాను చేసింది కనుక దానికీ కనిపించదు. కుకీ మాత్రం మరొకరి చేతికి చేరిపోతుంది.

నామకరణం, తొలి హెచ్చరిక

1990ల చివర అతిథి పుస్తకాలు, ముచ్చట గదులు, వెబ్ మెయిల్ విస్తరించాయి. వాటిలోకి ట్యాగులు చొప్పించి అల్లరి చేసే పద్ధతి అప్పటికే ఆకతాయిలకు తెలుసు. ఇది అల్లరిని మించిన విషయమని మైక్రోసాఫ్ట్ భద్రతా విభాగంలో డేవిడ్ రాస్, అతని సహచరులు 1999లో గ్రహించారు. లోపం ఏ ఒక్క బ్రౌజర్‌లోనో సర్వర్‌లోనో లేదని, వెబ్ అనువర్తనాలను రాస్తున్న తీరులోనే ఉందని వారికి అర్థమైంది. 2000 జనవరిలో దీనికి పేరు పెట్టే చర్చ జరిగింది. అనధికార సైట్ స్క్రిప్టింగ్, యూఆర్‌ఎల్ పారామీటర్ స్క్రిప్ట్ ఇన్సర్షన్, సింథసైజ్డ్ స్క్రిప్టింగ్, ఫ్రాడ్యులెంట్ స్క్రిప్టింగ్ వంటి పేర్లు పరిశీలనకు వచ్చాయి. చివరకు క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అన్నది ఖాయమైంది.

ఈ పేరు అంత సార్థకమైనది కాదు. ఒక సైటు నుంచి మరో సైటుకు దాటడం ఈ దాడిలో ఒక రకానికే వర్తిస్తుంది. ఒకే సైటులో వ్యాఖ్యగా నిలువ ఉండి, వచ్చినవారినల్లా కాటువేసే రకానికి దాటడంతో పనిలేదు. స్క్రిప్టు అనివార్యమూ కాదు. ట్యాగులు చొప్పించి నకిలీ లాగిన్ గడిని చూపినా మోసం జరుగుతుంది. సంక్షిప్త రూపం కూడా పేచీ తెచ్చింది. సీఎస్ఎస్ అనే అక్షరాలు అప్పటికే పుటల అలంకరణకు వాడే క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్‌కు దక్కాయి. కాబట్టి దాటడాన్ని కత్తెర గుర్తులాంటి ఎక్స్‌తో సూచించి, ఎక్స్ఎస్ఎస్ అనడం అలవాటైంది.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సెర్ట్ సమన్వయ కేంద్రం 2000 ఫిబ్రవరి 2న ఆ సంవత్సరపు రెండవ హెచ్చరికగా దీన్ని ప్రకటించింది. ఆ ప్రకటనలో అమెరికా రక్షణశాఖకు చెందిన విభాగాలు కూడా పాలుపంచుకున్నాయి. నేటికీ చదవదగిన పత్రం అది. వాడుకరులకు అది ఇచ్చిన ప్రధాన సలహా బ్రౌజర్‌లో స్క్రిప్టులను ఆపివేయడం. అపరిచిత లంకెలను విచ్చలవిడిగా నొక్కకుండా ఉండడం. అదే పత్రం, వాడుకరి చేయగలిగినదేదీ సంపూర్ణ పరిష్కారం కాదనీ, అంతిమంగా పుటలను తయారుచేసేవారే సరిదిద్దుకోవాలనీ నిజాయితీగా ఒప్పుకొంది. డెవలపర్లకు ఇచ్చిన సూచనలలో మొదటిది ఈనాటి పాఠకునికి వింతగా తోచవచ్చు. పుట ఏ లిపిసంకేత పద్ధతిలో ఉందో విధిగా ప్రకటించాలన్నదే ఆ సూచన. ఏ అక్షరం ఏదో తెలియనప్పుడు ఏది ప్రమాదకరమో నిర్ణయించడం అసాధ్యమన్నది దాని వెనుక ఉన్న తర్కం.

ఆ తర్కం ఎంత సరైనదో ఐదేళ్ల తర్వాత రుజువైంది. 2005 చివర గూగుల్ సైటులోని కొన్ని దోషపుటలు తమ లిపిసంకేత పద్ధతిని ప్రకటించడం లేదని వాచ్‌ఫైర్ సంస్థ పరిశోధకులు గుర్తించారు. ప్రకటన లేనప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తానే ఊహించేది. యూటీఎఫ్-7 అనే పాత పద్ధతిలో ట్యాగును ప్రారంభించే కోణాకారపు గుర్తును కూడికగుర్తు, కొన్ని అక్షరాలు, ఒక గీతతో రాయవచ్చు. ఆ వరుసలో వడపోత వెతికే గుర్తు ఒక్కటీ ఉండదు. వడపోత దాన్ని నిరపాయమైన పాఠ్యంగా చదివింది. బ్రౌజర్ ట్యాగుగా చదివింది. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు పత్రికకు జరిగిందే, విపరీత ఫలితాలతో ఇక్కడ జరిగింది.

వడపోత వైఫల్యం: మైస్పేస్ ఉదంతం

తొలినాటి రక్షణ సహజంగానే నిషేధపు జాబితాగా మొదలైంది. స్క్రిప్ట్ అనే ట్యాగు కనిపిస్తే తీసివేయాలి, జావాస్క్రిప్ట్ అనే మాట కనిపిస్తే తీసివేయాలి. ఈ ఆలోచన ఎంత బలహీనమైనదో లోకానికి తెలియజేసిన ఘటన 2005 అక్టోబరు 4న మైస్పేస్‌లో జరిగింది.

మైస్పేస్ తన సభ్యులు సొంత పుటలను ఇష్టమొచ్చినట్లు అలంకరించుకోవడానికి కొన్ని ట్యాగులను అనుమతించేది. ఆ స్వేచ్ఛే దాని ఆకర్షణ. స్క్రిప్టులను మాత్రం నిషేధించింది. లాస్ ఏంజెలెస్‌కు చెందిన 19 ఏళ్ల సామీ కామ్కర్ ఆ వడపోతను కొద్దికొద్దిగా పరీక్షిస్తూ పోయాడు. స్క్రిప్ట్ ట్యాగు కుదరకపోతే అలంకరణ ఆదేశంలో నేపథ్యచిత్రపు చిరునామా ఉండవలసినచోట ఆజ్ఞను ఉంచవచ్చని గమనించాడు. కొన్ని బ్రౌజర్లు దాన్ని అమలు చేసేవి. జావాస్క్రిప్ట్ అనే మాటను సైటు తొలగిస్తోంది కనుక ‘జావా’ తర్వాత పంక్తి విరిచి ‘స్క్రిప్ట్’ రాశాడు. వడపోతకు అవి రెండు మాటలు. ఉదారబుద్ధి గల బ్రౌజర్‌కు మాత్రం ఒకే మాట. మరికొన్ని నిషిద్ధ పదాలను రెండు ముక్కలుగా రాసి, ప్రోగ్రాము నడిచే సమయంలో అతికించాడు.

అతని పుటను చూసినవారి ఖాతా నుంచి సామీకి స్నేహాభ్యర్థన వెళ్లేది. సామీయే తమ కథానాయకుడని చెప్పే పంక్తి ఒకటి వారి పుటలో చేరేది. దానితోపాటు ఆ ప్రోగ్రాము కూడా వారి పుటలోకి నకలయ్యేది. వారి పుటను చూసినవారికీ అదే గతి. 20 గంటలు గడిచేసరికి స్నేహాభ్యర్థనలు పది లక్షలు దాటాయి. దాన్ని తొలగించడానికి మైస్పేస్ సైటును కొంతసేపు మూసివేయవలసి వచ్చింది. ఆ ప్రోగ్రాము ఎవరి సంకేతపదాన్నీ దొంగిలించలేదు. దొంగిలించదలచుకుంటే అడ్డేమీ లేదన్నదే అసలు భయం. మరుసటి ఏడు అమెరికా సీక్రెట్ సర్వీస్ కామ్కర్ ఇంటిని సోదా చేసింది. 2007 జనవరి 31న అతడు నేరాన్ని అంగీకరించగా మూడేళ్ల ప్రొబేషన్, 90 రోజుల సమాజసేవ, నష్టపరిహారం, కంప్యూటర్ వాడకంపై ఆంక్షలు విధించారు. తర్వాతి కాలంలో అతడు భద్రతా పరిశోధకుడిగానే పేరు తెచ్చుకున్నాడు.

ఈ కథను ఒక కుర్రవాడి చేష్టగా చెప్పుకోవడం పరిపాటి. చారిత్రకంగా ముఖ్యమైన విషయం వేరు. మైస్పేస్ ఇంజనీర్లు అజాగ్రత్తగా లేరు. వారి వడపోతలో చాలా పొరలు ఉన్నాయి. బ్రౌజర్లు ఎన్ని వక్రమార్గాలలో ఒక పుటను అర్థం చేసుకోగలవో వారు ముందుగా ఊహించలేకపోయారు, ఎవరూ ఊహించలేరు కూడా. తప్పుల తడకగా రాసిన పుటను సైతం ఎలాగోలా చూపించి తీరాలన్న పోటీ బ్రౌజర్ల మధ్య సాగిన కాలమది. ఆ ఔదార్యమే వెబ్ వ్యాప్తికి తోడ్పడింది. ఆ ఔదార్యమే ప్రతి నిషేధపు జాబితాకూ ఒక రంధ్రం పెట్టింది.

రాకలో కాదు, పోకలో

నిషేధపు జాబితాకు ప్రత్యామ్నాయం కొత్తగా కనుగొనవలసిన అవసరం లేకపోయింది, హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంది. గణితంలో ‘కంటే తక్కువ’ను సూచించే గుర్తుతో ట్యాగు మొదలవుతుంది. ఆ గుర్తును ట్యాగుగా కాక గుర్తుగానే చూపదలచినప్పుడు దానికి బదులు ఒక ప్రత్యేక సంకేతాన్ని రాయాలి. బ్రౌజర్ ఆ సంకేతాన్ని చూసి తెరమీద గుర్తును గీస్తుంది కాని ట్యాగును తెరవదు. ఇంజనీర్లు ఎస్కేపింగ్ అని పిలిచే ఈ పద్ధతిలో ఏదీ తొలగించనక్కరలేదు. వాడుకరి స్క్రిప్ట్ అని రాస్తే స్క్రిప్ట్ అనే మాటే కనిపిస్తుంది. దుష్టపదాన్ని గుర్తించే బాధ్యత తప్పిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు ఏ పదమైనా పదమే.

కాని ఈ మార్పు ఎక్కడ చేయాలన్నది కీలకం. సమాచారం లోపలికి వస్తున్నప్పుడే చేస్తే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. లోపలికి వస్తున్న అక్షరాలు రేపు పుటలో ఎక్కడ కూర్చుంటాయో ఇవాళ తెలియదు. పుట మధ్యలో వాక్యంగా నిలిచే పాఠ్యానికి ఒక నియమం, ట్యాగు లోపల లక్షణంగా కొటేషన్ గుర్తుల మధ్య నిలిచేదానికి మరో నియమం, లంకె చిరునామాకు ఇంకొకటి, స్క్రిప్టు లోపలి అక్షరమాలకు వేరొకటి. లంకె చిరునామాలో ఆజ్ఞను ఉంచడానికి కోణాకారపు గుర్తు ఒక్కటీ అక్కరలేదు. మొదట్లో జావాస్క్రిప్ట్ అని రాసి రెండు చుక్కలు పెడితే చాలు. కాబట్టి పుటలోకి వెళ్లే చివరి క్షణంలో, వెళ్లే స్థానాన్ని బట్టి మార్పు చేయాలన్న సూత్రం క్రమంగా స్థిరపడింది. ఓపెన్ వెబ్ అప్లికేషన్ సెక్యూరిటీ ప్రాజెక్ట్ ప్రచురించిన మార్గదర్శకాలు ఈ సూత్రాన్ని విస్తృతంగా ప్రచారం చేశాయి. ఆ సంస్థ 2003లో ప్రకటించిన తొలి పది ప్రమాదాల జాబితాలో నాలుగో స్థానంలో ఉన్న ఈ దాడి, 2007 జాబితాలో మొదటి స్థానానికి ఎగబాకింది.

ట్విటర్‌లో 2010 సెప్టెంబరు 21న జరిగిన ఘటన స్థానభేదం ఎంత ముఖ్యమో చూపుతుంది. ట్వీటులోని చిరునామాను లంకెగా మార్చే ప్రోగ్రాము ‘ఎట్’ గుర్తునూ, దాని తర్వాతి కొటేషన్ గుర్తునూ తప్పుగా అర్థం చేసుకుంది. కొటేషన్ గుర్తుతో లంకె చిరునామా ముగిసిపోయి, మిగిలిన అక్షరాలు లంకె ట్యాగులో కొత్త లక్షణంగా మారాయి. మౌస్ సూచిక ఆ లంకె మీదికి వెళ్తే చాలు, ఆజ్ఞ నడిచేది. కొత్త ట్యాగును తెరవవలసిన అవసరమే రాలేదు. బ్రిటిష్ మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ భార్య సారా బ్రౌన్ ఖాతా కూడా దీని బారిన పడింది. ఈ లోపాన్ని తాము అంతకుముందు నెలలోనే సరిచేశామనీ, తర్వాతి నవీకరణలో అది తెలియకుండా తిరిగి వచ్చిందనీ ట్విటర్ వివరణ ఇచ్చింది. ఒకసారి మూసిన రంధ్రం మరొకరి చేతిలో తెరుచుకోవడం ఈ చరిత్రలో పదేపదే కనిపించే దృశ్యం.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు ఎదురైన అనుభవం మరింత తీవ్రమైనది. ప్రపంచంలోని వెబ్ సర్వర్లలో పెద్ద భాగానికి సాఫ్ట్‌వేర్ అందించే సంస్థ అది. లోపాలను నమోదుచేసే జీరా వ్యవస్థలో ఎవరో ఒక ఫిర్యాదు పెట్టారు. కొన్ని ప్రాజెక్టులు చూస్తుండగా దోషం వచ్చిందని చెబుతూ ఒక కుదించిన లంకెను జతచేశారు. ఫిర్యాదులను పరిశీలించడమే నిర్వాహకుల విధి కనుక వారు ఆ లంకెను నొక్కారు. అది జీరాలోని ఎక్స్ఎస్ఎస్ లోపానికి దారితీసి, వారి సెషన్ చీటీలను దొంగిలించింది. దాడిదారులు సంకేతపదాలను వరుసగా ఊహించే ప్రయత్నమూ పక్కనే సాగించి, నిర్వాహక హక్కులు సంపాదించారు. తర్వాత లాగిన్ అయ్యేవారి సంకేతపదాలను సేకరించారు, వాటిలో ఒకటి జీరా నడిచే సర్వర్‌లోని ఒక ఖాతాకూ పనిచేయడంతో ఆ యంత్రాన్నీ వశపరచుకున్నారు. జరిగినదాన్ని ఆ సంస్థ దాచకుండా రోజులవారీగా బహిరంగపరచింది. అపరిచిత లంకెలను నొక్కవద్దన్న 2000 నాటి సలహా, లంకెలను నొక్కడమే ఉద్యోగమైనవారికి ఏ విధంగానూ పనికిరాదని ఆ నివేదిక చదివితే తెలుస్తుంది.

బ్రౌజర్ చేపట్టిన కాపలా

ప్రోగ్రామర్లందరూ సరిగా రాస్తారన్న ఆశ సన్నగిల్లినకొద్దీ బ్రౌజర్ తయారీదారులు రంగంలోకి దిగారు. 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6కు వెలువడిన తొలి సర్వీస్ ప్యాక్‌లో మైక్రోసాఫ్ట్ కుకీకి ఒక గుర్తు చేర్చే వీలు కల్పించింది. హెచ్‌టీటీపీ ఓన్లీ అనే ఆ గుర్తున్న కుకీని బ్రౌజర్ సర్వర్‌కు పంపుతుంది కాని స్క్రిప్టుకు చూపదు. ఇది దాడిని ఆపదు, దోపిడీని తగ్గిస్తుంది. చీటీని తీసుకుపోలేని దొంగ ఇంట్లోనే కూర్చుని ఇంటివారి పేరుతో పనులు చక్కబెట్టుకోగలడు. సామీ చేసింది అదే. అయినా ఒక పంక్తి మార్పుతో లభించే ఈ రక్షణ చవకైనది, నేటికీ అవసరమైనది.

2009లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8లో డేవిడ్ రాస్ రూపొందించిన ఎక్స్ఎస్ఎస్ ఫిల్టర్ చేరింది. లంకెలో వెళ్లిన అనుమానాస్పద అక్షరాలు పుటలో తిరిగి కనిపిస్తే అది వాటిని చెడగొట్టేది. మరుసటి సంవత్సరం గూగుల్ క్రోమ్‌లో ఎక్స్ఎస్ఎస్ ఆడిటర్ వచ్చింది. ఫైర్‌ఫాక్స్ ఈ బాట పట్టలేదు. 2010లోనే ఎడ్వర్డో వేలా, డేవిడ్ లిండ్సే అనే పరిశోధకులు మైక్రోసాఫ్ట్ వడపోతలోని ఒక విపరీతాన్ని బయటపెట్టారు. పుటలోని అక్షరాలను వడపోత మార్చే తీరును ఆసరా చేసుకుని, సక్రమంగా రాసిన పుటను కూడా దాడికి లొంగేలా చేయవచ్చు. కంచే చేను మేసినట్లయింది. క్రోమ్ ఆడిటర్ విషయంలోనూ ఇటువంటి అభ్యంతరాలే పోగుపడ్డాయి. 2018లో ఎడ్జ్ నుంచి, 2019లో క్రోమ్ 78వ సంచిక నుంచి ఈ వడపోతలను తొలగించారు. పదేళ్ల ప్రయోగం నిషేధపు జాబితా ఏ చోట ఉంచినా నిషేధపు జాబితాయేనన్న పాత పాఠం దగ్గరికే వచ్చి చేరింది.

మరో మార్గం కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. మొజిల్లాలో రూపుదిద్దుకుని, 2011లో ఫైర్‌ఫాక్స్ 4తో వెలువడిన ఈ విధానంలో సర్వర్ తన పుటతోపాటు ఒక ప్రకటన పంపుతుంది. ఏయే చిరునామాల నుంచి వచ్చే స్క్రిప్టులను అమలు చేయవచ్చో అందులో ఉంటుంది. పుట మధ్యలో నేరుగా రాసిన స్క్రిప్టులకు సాధారణంగా అనుమతి ఉండదు. ఆలోచన నిర్దుష్టమైనది. ఆచరణ వేరు. అప్పటికే కోట్లాది పుటల్లో స్క్రిప్టులు మధ్యమధ్యలో కుట్టినట్లుగా ఉన్నాయి. వాటన్నిటినీ విప్పి కుట్టే ఓపిక లేక, చాలా సంస్థలు మినహాయింపు పదాన్ని చేర్చి సరిపెట్టుకున్నాయి. ఆ మినహాయింపు పేరులోనే అది సురక్షితం కాదని ఉంది, అయినా వాడారు.

గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనం ఈ పరిస్థితిని అంకెలతో చూపింది. ఈ విధానాన్ని వాడుతున్న 16,80,867 హోస్టుల నుంచి వారు 26,011 భిన్నమైన ప్రకటనలను సేకరించారు. స్క్రిప్టులను కట్టడి చేయడానికి ప్రయత్నించిన ప్రకటనల్లో 94.68 శాతం నిష్ప్రయోజనమని తేలింది. మొత్తం హోస్టుల్లో 99.34 శాతానికి ఎక్స్ఎస్ఎస్ నుంచి ఏ రక్షణా దొరకడం లేదు. అనుమతి జాబితాల్లో తరచుగా కనిపించే 15 డొమైన్లలో 14 చోట్ల, ఆ అనుమతిని అడ్డుపెట్టుకొని దాడి చేయడానికి వీలిచ్చే దారులున్నాయి. చిరునామాల జాబితాకు బదులుగా ఒక్కసారికే చెల్లే యాదృచ్ఛిక సంఖ్యను వాడాలని వారు ప్రతిపాదించారు. సర్వర్ ప్రతి పుటకూ కొత్త సంఖ్యను పుట్టించి, తన స్క్రిప్టుల మీద దాన్ని ముద్రిస్తుంది. బయటివాడు ఆ సంఖ్యను ముందుగా ఊహించలేడు కనుక అతని స్క్రిప్టు నడవదు. ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న పోయి, ఇంటివారి ముద్ర ఉందా అన్న ప్రశ్న వచ్చింది. ఏకమూల నియమం అడగని ప్రశ్న ఇదే.

సర్వర్‌కు తెలియకుండా

2005లో అమిత్ క్లైన్ మూడవ రకం ఎక్స్ఎస్ఎస్‌ను వివరిస్తూ పత్రం ప్రచురించే నాటికి దాన్ని పెద్దగా పట్టించుకోవలసిన అవసరం కనిపించలేదు. అందులో హానికరమైన అక్షరాలు సర్వర్‌ను చేరవు. పుటలోని సొంత స్క్రిప్టే చిరునామా పట్టీలోని పాఠ్యాన్ని చదివి, దాన్ని పుటలో రాసి, ఆజ్ఞగా మారుస్తుంది. సర్వర్‌లో ఎంత జాగ్రత్త వహించినా ప్రయోజనం లేదు, ఎందుకంటే పని జరుగుతున్నది అక్కడ కాదు. తర్వాతి దశాబ్దంలో పుటల నిర్మాణమే బ్రౌజర్‌లోకి తరలిపోవడంతో క్లైన్ వర్ణించిన రకం ప్రధాన సమస్యగా మారింది.

మరో సూక్ష్మమైన చిక్కును మారియో హైడరిచ్, అతని సహపరిశోధకులు 2013లో వెల్లడించారు. బ్రౌజర్ తనకు అందిన పాఠ్యాన్ని పుటలో చేర్చేటప్పుడు సరిచేసి తిరగరాస్తుంది. ఆ తిరగరాతలో నిరపాయమైన అక్షరమాల అపాయకరంగా మారగలదు. పరీక్షించిన పాఠ్యం వేరు, అమలైన పాఠ్యం వేరు అన్నమాట. వాడుకరులు రాసిన ట్యాగులను కొంతవరకు అనుమతించక తప్పని సైట్ల కోసం 2014లో వెలువడిన డామ్‌ప్యూరిఫై అనే గ్రంథాలయం, బ్రౌజర్ చేతనే ముందుగా పుటను నిర్మింపజేసి, ఆ నిర్మాణాన్ని శుద్ధి చేస్తుంది. వడపోత కళ్లకూ బ్రౌజర్ కళ్లకూ తేడా లేకుండా చేయడమే దాని ఉపాయం.

అదే ఏడు జూన్‌లో ట్వీట్‌డెక్ అనువర్తనంలో జరిగిన ఘటనకు దుర్బుద్ధి కారణం కాదు. ఆస్ట్రియాకు చెందిన ఒక కౌమారప్రాయుడు ట్వీటులో హృదయచిహ్నాన్ని చూపే ప్రయత్నంలో ఉండగా, అతని అక్షరాలు పాఠ్యంగా కాక హెచ్‌టీఎంఎల్‌గా పనిచేస్తున్నట్లు గమనించాడు. ఆ లోపాన్ని వాడుకుంటూ తనను తాను పంచుకొనే ట్వీటును మరొకరు విడిచారు. అది వేలాది ఖాతాల నుంచి తిరిగి ప్రసారమైంది, సేవను తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చింది.

పనిముట్లలో వచ్చిన మార్పు

ఈ చరిత్రలో నిజమైన మలుపు ఏ ఆర్భాటమూ లేకుండా వచ్చింది. 1995లో పుట్టిన పీహెచ్‌పీ వంటి భాషలలో వాడుకరి పాఠ్యాన్ని పుటలో రాయడం తేలిక. దాన్ని ఎస్కేప్ చేసి రాయాలంటే అదనంగా ఒక ఫంక్షన్‌ను పిలవాలి. వెయ్యిసార్లు గుర్తుండి ఒక్కసారి మరిచిపోతే చాలు. 2008 సెప్టెంబరులో విడుదలైన జాంగో 1.0 ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఏ పాఠ్యమైనా దానంతటదే ఎస్కేప్ అవుతుంది. వద్దనుకుంటే ప్రోగ్రామరు ప్రత్యేకంగా చెప్పాలి. 2010లో వచ్చిన రైల్స్ 3 అదే బాట పట్టింది. 2013లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ మరో అడుగు ముందుకు వేసి, పాఠ్యాన్ని ట్యాగులుగా చొప్పించే సదుపాయానికి ‘డేంజరస్లీ సెట్ ఇన్నర్ హెచ్‌టీఎంఎల్’ అని పేరు పెట్టింది. ప్రమాదం అన్న మాటను టైపు చేయకుండా దాన్ని వాడలేరు. సమీక్షించేవారు ఆ ఒక్క మాటను వెతికితే చాలు. హెచ్చరికను పుస్తకంలో రాయడానికి బదులు పనిముట్టు పిడిమీద చెక్కడమన్నమాట.

2020 మేలో క్రోమ్ 83వ సంచికతో వచ్చిన ట్రస్టెడ్ టైప్స్ ఈ ఆలోచనను బ్రౌజర్‌కే విస్తరించింది. దాన్ని అమలులో పెట్టిన సైటులో, మామూలు అక్షరమాలను పుటలోని ప్రమాదకర స్థానాలకు అందిస్తే బ్రౌజర్ తిరస్కరిస్తుంది. నిర్ణీత విధానం గుండా వచ్చి, ప్రత్యేక రకంగా ముద్ర పడిన విలువనే స్వీకరిస్తుంది. పాఠ్యమూ ఆజ్ఞా చూపులకు ఒకేలా ఉన్నా ఇకపై ఒకే రకం కావు.

ఓపెన్ వెబ్ అప్లికేషన్ సెక్యూరిటీ ప్రాజెక్ట్ జాబితాలో ఈ దాడి 2010లో రెండవ స్థానానికి, 2013లో మూడవ స్థానానికి, 2017లో ఏడవ స్థానానికి దిగింది. 2021లో ప్రత్యేక స్థానాన్ని కోల్పోయి, చొప్పింపు దాడులన్నిటినీ కలిపిన విభాగంలో చేరింది. దీన్ని చూసి సమస్య ముగిసిందనుకుంటే పొరపాటు. మైటర్ సంస్థ 2024లో ప్రకటించిన 25 ప్రమాదకర సాఫ్ట్‌వేర్ బలహీనతల జాబితాలో దీనిదే అగ్రస్థానం. రెండు జాబితాల లెక్కలు వేరు కాని, ఈ వైరుధ్యానికి మరో కారణమూ ఉంది. కొత్త చట్రాలలో రాసిన పుటలు తమను తాము కాపాడుకోగలవు. చిన్న సంస్థలు, పాఠశాలలు, స్థానిక పత్రికలు నడిపే సైట్లు మాత్రం ఎన్నడో ఎవరో రాసిపెట్టిన పీహెచ్‌పీ పుటల మీద, వర్డ్‌ప్రెస్‌కు తగిలించిన ప్లగిన్ల మీద ఆధారపడి ఉన్నాయి. ఏటా నమోదయ్యే లోపాలలో ఆ ప్లగిన్లవే చాలా ఎక్కువ. వాటిలో వాడుకరి పాఠ్యాన్ని పుటలో రాసే పంక్తి, ఎస్కేప్ చేసే ఫంక్షన్‌ను ఎవరైనా గుర్తుంచుకొని పిలిస్తేనే సురక్షితంగా ఉంటుంది.